విశ్రాంత ఉద్యోగికి విశ్రాంతి ఎక్కడ?

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కరీంనగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన డాక్టరుగారు రక్తపోటు గురించి, చక్కెర వ్యాధి గురించి ఎంతో చక్కగా చెప్పారు. ఉప్పు తగ్గించమన్నారు, పొద్దున్నే నడవమన్నారు. అవన్నీ మనం పాటించవలసినవే. కార్యదర్శిగారు నన్ను "ఉద్యోగ విరమణ తర్వాత ఆరోగ్యం" అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. మలేరియా నిర్మూలన కార్యక్రమంలో చేరి ముప్పై మూడేళ్లు ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి. సూదితో వేలు పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసినవాణ్ణి. ఊళ్లో పిల్లలు నన్ను చూస్తే పారిపోయేవారు. ఈ రోజు మీరెవరూ పారిపోనందుకు సంతోషం. మందుల మాట డాక్టరుగారికి వదిలి, నేను ఒక్క మాట గురించి మనవి చేస్తాను. ఆ మాట విశ్రాంతి.

మన సంఘం బోర్డు మీద "విశ్రాంత ఉద్యోగుల సంఘం" అని రాసి ఉంది. ఈ సభలో చేయి గుండె మీద వేసుకుని "నేను విశ్రాంతిగా ఉన్నాను" అని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? కొందరు మనుమల్ని బడికి దింపి వస్తున్నారు. కొందరు కొడుకు కట్టే ఇంటికి కాపలా ఉంటున్నారు. కొందరు ఏ పనీ లేక, నిద్రా లేక, గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లను లెక్కపెడుతున్నారు. నేను ఆ మూడో రకం.

2006లో నేను రిటైరైనప్పుడు మెడలో దండ వేసి, శాలువా కప్పి, జీపులో ఇంటిదాకా తెచ్చి దింపారు. మర్నాడు అయిదింటికే మెలకువ వచ్చింది. సంచి సర్దుకుందామని లేచి, సంచి అప్పజెప్పేశానని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాను. అట్లా ఆరు నెలలు గడిచాయి. ఆకలి లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు. పరీక్షలన్నీ చేయించారు. ఏ జబ్బూ లేదన్నారు. డాక్టరు నవ్వుతూ "రెస్టు తీసుకోండి" అన్నారు. ఇంక రెస్టు ఎక్కడినుంచి తీసుకోవాలి? పని మానేయడమే విశ్రాంతి అయితే నాకు కావలసినంత ఉంది. అప్పుడు మొదలైంది నా ఆలోచన: మా నాన్న, మా తాత, నేను తిరిగిన గూడేల్లోని మనుషులు, పెన్షను, ఆదివారం తెలియనివాళ్లు. వాళ్లు అలసట ఎట్లా తీర్చుకున్నారు?

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. పద్మశాలీల ఇల్లు. మా నాన్న గుంట మగ్గం నేసేవాడు. తెల్లవారుజామున గుంటలో కాళ్లు పెడితే దీపాలు పెట్టేదాకా తీసేవాడు కాదు. మా అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పోగు తెగితే అతకడం, మళ్లీ నేయడం. అమావాస్యకు తప్ప మగ్గం ఆగిన గుర్తు లేదు నాకు.

కానీ ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి కూనపులివారు వచ్చేవారు. పెద్దలకు తెలుసు, పటం కథవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పే హక్కు వారిది. పొడవాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వేయించిన పటాన్ని తెచ్చి, కర్రలు పాతి కట్టి, ఒక్కొక్క బొమ్మే విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ చెప్పేవారు. చేర్యాల నకాషీలు వేసే పటాలు ఈ కథల కోసమే పుట్టినవి. ఈ రోజు వాటిని అద్దాల చట్రాల్లో పెట్టి గోడలకు తగిలిస్తున్నారు. మేము మాత్రం వాటిని దీపం వెలుగులో, రాత్రి పూట, గొంగడి కప్పుకుని చూశాం.

ఆ రాత్రులు కథ నడిచినన్నాళ్లు మా వాడలో మగ్గాలు ఆగేవి. ఎవరో వచ్చి ఆపమని చెప్పలేదు. రాత్రి మేలుకుని కథ విన్నవాడు పొద్దున గుంటలో దిగలేడు గదా! మా నాన్న పగటిపూట వేపచెట్టు కింద పడుకుని నిద్రపోవడం నేను ఆ రోజుల్లోనే చూశాను. నిద్రపోతున్న నాన్నను చూసి భయమేసి, ఒంట్లో బాగాలేదేమోనని అమ్మను అడిగాను. "బాగున్నడు గనుకనే పన్నడు బిడ్డా" అంది అమ్మ.

ఇంకొక సంగతి చెప్పాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. మూడేళ్లవాడు. మా అమ్మ ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేదు. నూలు పూర్తిచేసి ఇవ్వవలసిన గడువు ఉంది. పదిరోజులు కాగానే మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. మాట తగ్గిపోయింది. తిండి తగ్గిపోయింది. ఆ మరుసటి ఏడు కూనపులివారు వచ్చారు. పదహారేళ్లకే ఆయువు తీరవలసిన మార్కండేయుడి కోసం యముడు వచ్చే ఘట్టం నడుస్తోంది. పటం మీద బాలుడు శివలింగాన్ని కౌగిలించుకుని ఉన్నాడు, యముడు పాశం విసురుతున్నాడు. మా అమ్మ ఒక్కసారిగా బావురుమంది. ఏడాది లోపల దాచిందంతా బయటకు వచ్చింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. వాళ్లలో తమ పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు లేకపోలేదు, వాళ్లూ ఏడ్చారు. కథకుడు ఏం చేశాడో తెలుసా? కర్ర కింద పెట్టాడు. పాట ఆపి, వంతలకు సైగ చేసి, నెమ్మదిగా తాళం మాత్రం వేయించాడు. ఎంతసేపో. అమ్మ తేరుకున్నాక "వింటవా తల్లీ, శివుడు వచ్చే చోటు ఇంక ముందుంది" అని అడిగి, అప్పుడు కథ అందుకున్నాడు.

మా తమ్ముడి కోసం శివుడు రాలేదు. అది మా అమ్మకు తెలుసు. అయినా ఆ రాత్రి తర్వాత ఆమె కడుపు నిండా తిన్నది, మాట్లాడింది. మానసిక వైద్యుడు అనే మాట మేము విని ఎరుగం. కర్ర కింద పెట్టిన ఆ కథకుడు మాకు ఆ పని చేశాడు.

మిత్రులారా, ఇది మా ఒక్క కులానికే ఉన్న ఏర్పాటు కాదు. మన తెలంగాణలో చెమటోడ్చే ప్రతి కులానికీ కథ చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. గొల్ల కురుమలకు ఒగ్గువాళ్లు, మందహెచ్చులవాళ్లు. గౌడులకు గౌడజెట్టీలు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు. ఆదిలాబాద్ గోండులకు కింగ్రి వాయిస్తూ పెర్సాపేన్ కథలు చెప్పే పర్ధానులు, తోటీలు. ఏ కుటుంబం ఏయే ఊళ్లకు వెళ్లాలో పంచుకున్న మిరాశీ ఉండేది. వాళ్లు వచ్చి అడిగేది భిక్ష కాదు, తమ పాలు. ఇవ్వకపోతే తప్పు మనది.

ఒగ్గు కథ మీలో వినని వారుండరు. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ డోలు దెబ్బల మధ్య తెల్లవార్లూ నడుస్తాయి. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములుగారు ఆ కళను మన జిల్లా ఎల్లలు దాటించారు. 2010లో ఆయన కన్నుమూశారు. డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు పుట్టిన ఊరు కూడా అదే. ఒకే ఊరి నుంచి జ్ఞానపీఠం అందుకున్న కవి ఒకరు, వేల రాత్రుల పాటు జనాన్ని కూర్చోబెట్టిన ఒగ్గు కథకుడు ఒకరు. ఆ మట్టికి నమస్కారం.

ఇక నేను ఉద్యోగం చేసిన చోటికి వస్తాను. 1973లో నన్ను ఉట్నూరు వైపు గూడేలకు వేశారు. పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ వెళ్లాలి. "జ్వరం వచ్చిందా?" అని అడగాలి. వచ్చిందంటే రక్తం తీసి, క్లోరోక్విన్ గోలీలు ఎదురుగా మింగించి, గోడమీద తేదీ వేయాలి. నెలకు ఇన్ని రక్తపు పూతలని లెక్క ఉండేది. నాకు ఇరవై అయిదేళ్లు. చదువుకున్నానన్న గర్వం. అడవిలో ఉన్నవాళ్లకు నేనే దిక్కనే భ్రమ.

అక్కడ దండారి చూశాను. చాలామందికి పత్రికల్లో ఫొటోలే తెలుసు గనుక కొంచెం వివరిస్తాను. వానాకాలపు సేద్యం పనులు ఒక కొలిక్కి వచ్చాక, ఆశ్వయుజ పౌర్ణమి వేళ మొదలై దీపావళి తర్వాత ముగుస్తుంది. ఒక గూడెం బృందం ఇంకో గూడేనికి అతిథులుగా పోతుంది. ఆ గూడెమంతా కలిసి వాళ్లకు అన్నం పెడుతుంది, రాత్రంతా కలిసి ఆడతారు, పాడతారు. ఈసారి వాళ్లు వస్తే, ఇంకోసారి వీళ్లు పోతారు. బృందంలో గుస్సాడీలు ఉంటారు. తలమీద నెమలి ఈకల పెద్ద కిరీటం, దానికి కొమ్ములు, ఒంటినిండా బూడిద, మసి గీతలు, భుజాన జింక తోలు, చేతిలో కర్ర. దీక్షలో ఉన్నన్ని రోజులు స్నానం చేయరు. వాళ్లలో దేవుడు ఉన్నాడని నమ్మకం. అదే గుస్సాడీ మర్నిమిషంలో కోతి చేష్టలు చేసి ముసలివాళ్లను నవ్విస్తాడు. దేవుడే వచ్చి నవ్విస్తున్నాడన్న మాట! గుస్సాడీ తన కర్రతో ముట్టుకుంటే జబ్బులు పోతాయని కూడా నమ్ముతారు.

నాకు ఒళ్లు మండింది. నేను ఇల్లిల్లూ తిరిగి గోలీలు ఇస్తుంటే కర్రతో ముట్టుకుంటే జబ్బు పోవడమేమిటి? ఆ గూడెంలో ఒక ముసలమ్మ ఉండేది. భర్త పోయినప్పటి నుంచి గుడిసె దాటి వచ్చేది కాదు. రోజు విడిచి రోజు వణుకుతూ జ్వరం. నేను వెళ్తే తలుపు వేసుకునేది. మూడు తిరుగుళ్లు అట్లాగే వట్టిపోయాయి. నాలుగోసారి సహనం కోల్పోయి బయట నిలబడి నోటికొచ్చినట్టు అరిచాను. గూడెం పటేలు నా మాటలన్నీ విని, "రాం రాం సారూ, దండారి దాక ఆగుండ్రి" అన్నాడు. అంతే. నన్నేమీ అనలేదు. ఆ మర్యాదకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దండారి రోజున నేను ఆ గూడెంలోనే ఉండిపోయాను. పక్క గూడెం బృందం వచ్చింది. తుడుం, పర్ర మోగుతున్నాయి. ముసలమ్మను ఇద్దరు ఆడపిల్లలు చెరొక రెక్క పట్టుకుని తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు. గుస్సాడీ ఆమె చుట్టూ గంతులేశాడు, వెక్కిరించాడు. ఆమె నవ్వలేదు. అప్పుడతను వంగి, కర్రతో ఆమె భుజాన్ని మెల్లగా ముట్టుకున్నాడు. ఆమె ఏడ్చింది. మా అమ్మ పటం ముందు ఏడ్చినట్టే ఏడ్చింది. ఎన్నో ఏళ్ల కింద మా వాడలో నేను చూసినదాన్ని, చదువుకున్న గర్వంతో మరిచిపోయిన సంగతి అప్పుడు నాకు తట్టింది.

తెల్లవారి నేను అడగకముందే ఆమె వచ్చి నా ముందు వేలు చాపింది. రక్తపు పూతలో మలేరియా తేలింది. గోలీలు పూర్తిగా ఇచ్చాను. జ్వరం తగ్గింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మలేరియా తగ్గించింది గోలీలే. కర్ర కాదు. ఈ రోజుకీ ఎవరికైనా జ్వరమొస్తే రక్తపరీక్షకు పొమ్మంటాను, ఆటపాటలకు పొమ్మనను. ఆ రోజుల్లో అడవిలో పరీక్ష ఆలస్యమైతే ప్రాణాలు పోయేవి, కళ్లారా చూశాను. కానీ ఆ గోలీ ఆమె నోటిదాకా పోవడానికి, బతకాలని ఆమెకు అనిపించడానికి మూడు తిరుగుళ్లలో నేను చేయలేని పనిని ఆ రాత్రి చేసింది. ఆ మరుసటి ఏడు నుంచి నా తిరుగుడు దండారి రోజుల్ని బట్టి వేసుకున్నాను. ఊరంతా ఒక్కచోట, మనసు తేలికపడి కూర్చుని ఉంటారు. నా పూతల లెక్క కూడా పెరిగింది. పై అధికారి మెచ్చుకుంటే కారణం చెప్పలేదు, ఊరకే తల ఊపాను.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక వేసింది. ఆరోగ్యానికి, కళలకు ఉన్న సంబంధం మీద జరిగిన మూడు వేలకు పైగా అధ్యయనాలను అందులో పరిశీలించారు. జబ్బు రాకుండా చూడటంలో, వచ్చినప్పుడు తట్టుకోవడంలో పాట, ఆట, కథ మేలు చేస్తాయని తేల్చారు. ఆ సంస్థ కాగితాల్లో అది 2019లో ఎక్కింది. మన ఊళ్లలో ఎప్పటినుంచో నడిచింది.

అమెరికాలో చదువుకుంటున్న మా మనుమరాలు ఫోనులో ఇంకో విశేషం చెప్పింది. అక్కడ ట్రిషియా హెర్సీ అనే నల్లజాతి కళాకారిణి 2016లో అట్లాంటా నగరంలో "నాప్ మినిస్ట్రీ" అని ఒకటి మొదలుపెట్టిందట. నాప్ అంటే కునుకు. జనం ఒకచోట చేరి, పరుపులూ దిండ్లూ పరచుకుని కలిసి నిద్రపోవడమే ఆ కార్యక్రమం. దానిమీద 2022లో పుస్తకం కూడా రాసింది. నేను పగలబడి నవ్వాను. "తాతా, నవ్వకు" అంది మనుమరాలు. వాళ్ల ముత్తాతలు బానిసలు. పొలాల్లో కొరడా దెబ్బల కింద పనిచేసినవాళ్లు. వాళ్లకు దక్కని నిద్రను మేము ఇప్పుడు అడిగి తీసుకుంటున్నామని ఆమె చెబుతుందట.

నా నవ్వు ఆగిపోయింది. మన దగ్గర వెట్టి లేదా? దొర గడీకి కబురు వస్తే పండుగ పూట కూడా చాకలి, మంగలి, మాదిగ ఇంటి మనిషి కంచం ముందు నుంచి లేచి పోవలసిన రోజులు ఈ సభలోని పెద్దలకు తెలుసు. అటువంటి బతుకుల్లో రాత్రంతా తమ దేవుడి కథ తాము వినడం, తెల్లారి ఆలస్యంగా లేవడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మన ఆడవాళ్ల దగ్గరికి వస్తాను. మన సభల్లో వాళ్ల గురించి చివర్లో ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తాం. మన బతుకమ్మ ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. మా జగిత్యాల వైపు వేలమంది ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, పొద్దున కూర్చుంటే మెడ వంచింది వంచినట్టే. పొగాకు పొడి ఊపిరిలోకి పోతూనే ఉంటుంది. బతుకమ్మ సాయంత్రాలు వాళ్లు చాట పక్కన పెట్టి, తల ఎత్తి, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతారు. అత్తింటి బాధలు, పుట్టింటి తలపులు అన్నీ ఆ పాటల్లోనే పోతాయి. అందులో ఆరో రోజు ఏమిటి? అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, ఆడరు. గౌరమ్మ అలిగిందంటారు. అంటే మన అమ్మవారికి కూడా ఒక క్యాజువల్ లీవు ఉందన్నమాట!

నేను రిటైరైన ఏడు సరిగ్గా ఆ ఆరో రోజున గేటు దగ్గర కూర్చుని నాలుగోసారి చాయ అడిగాను. మా ఇంటామె చాయ తెచ్చి ఇచ్చి, "అమ్మవారికి గూడ ఇయ్యాల సెలవున్నది, నాకే లేదు" అంది. కోపంగా అనలేదు. కప్పు ఇచ్చి లోపలికి పోయింది. ముప్పై మూడేళ్లు వారానికి అయిదు రోజులు నేను ఊళ్లమీద ఉన్నాను. అన్నాళ్లూ ఆమె ఎంత పని చేసిందో నాకు తెలియదు. రిటైరయ్యాక తెలిసింది. నా విశ్రాంతి కూడా ఆమె నెత్తిన పడ్డ కొత్త పని అయింది. ఆమె మూడో వరుసలో కూర్చుంది, ఆమె అనుమతి తీసుకునే ఈ మాట చెబుతున్నాను. ఆ రోజు నుంచి పొద్దుటి చాయ, సాయంత్రం చాయ నేనే పెడుతున్నాను. మొదట్లో తాగదగ్గట్టు ఉండేది కాదు. ఇప్పుడు ఫరవాలేదంటున్నారు. చెబితే నమ్మరు, ఆ చాయ పెట్టడం మొదలయ్యాకే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం మొదలైంది.

ఇంతకీ ఈ సభలో ఈ కథలన్నీ ఎందుకు చెప్పానో మనవి చేస్తాను. ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెన్షను యజమాని దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఈ పండుగ చేసుకుంటున్నాం. మనకు ఆ తీర్పు అండ ఉంది. మరి మన తల్లుల కన్నీళ్లు తుడిచినవాళ్లకు, మన తండ్రులకు నిద్ర ఇచ్చినవాళ్లకు ఏ తీర్పు అండగా ఉంది?

మార్లవాయి పేరు మీరు విన్నారు. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు ఉండి పనిచేసిన ఊరు. ఆ ఊరి గుస్సాడీ గురువు కనక రాజుగారు. 1980ల మొదట్లోనే ఢిల్లీ గణతంత్ర దినోత్సవాల్లో గుస్సాడీ ఆడించారు. ఎందరో కుర్రవాళ్లకు ఆ ఆట నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దీపావళి ముందర, దండారి రోజుల్లోనే కన్నుమూశారు. అంతటి గురువు జీవితంలో ఎక్కువ భాగం కష్టం చేసుకునే బతికారు. పద్మశ్రీ రానివాళ్ల సంగతి చెప్పాలా? మా ఊరికి వచ్చిన కూనపులివారి పిల్లలు ఇప్పుడు ఏ పట్టణంలో ఏ పని చేస్తున్నారో నాకు తెలియదు. మా వాడలో గుంట మగ్గాలు పోయాయి. వాటి చోట వచ్చిన మరమగ్గాలు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఆ మోతలో పక్కవాడి మాటే వినబడదు, ఇంక కథ ఏం వింటాం? వాళ్ల పాలు ఇవ్వడం మేము మానేశాం. వాళ్లు రావడం మానేశారు. తప్పు మాది.

అందుకని ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన సంఘం హాలు నెలలో ఇరవై అయిదు రోజులు తాళం వేసి ఉంటుంది. కరువు భత్యం బకాయిల మీద, లైఫ్ సర్టిఫికెట్ల మీద మీటింగు పెట్టుకున్నప్పుడే తీస్తాం. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఆ తాళం తీద్దాం. ఒక నెల ఒగ్గు కథ, ఒక నెల పటం కథ, ఒక నెల చిందు యక్షగానం. ఆదిలాబాద్ సభ్యులు సాయం చేస్తే కింగ్రి వాయించే తోటీలను, పర్ధానులను పిలుద్దాం. గుస్సాడీని మాత్రం ఇక్కడికి రప్పించి ఆడించవద్దు. అది దీక్ష. చూడాలంటే మనమే దండారి రోజుల్లో పెద్దల అనుమతి తీసుకుని అతిథులుగా వెళ్దాం.

దీనికి మూడు నియమాలు ఉండాలని నా కోరిక. మొదటిది, కళాకారులకు శాలువా కప్పి పంపవద్దు. ఇంత అని ముందే మాట్లాడుకుని, దారి ఖర్చులతో సహా, కథ మొదలయ్యేలోపే చేతికి ఇవ్వాలి. సభ్యుడికి నెలకు వంద రూపాయలైతే మన బలగానికి అది సాధ్యమే. రెండోది, ఆ సాయంత్రం చాయ, ఉప్మా మనం మగవాళ్లం చేయాలి. కుర్చీలు మనం వేయాలి, మనమే తీయాలి. ఆడవాళ్లు వచ్చి కూర్చోవాలి, అంతే. ముఖ్యంగా ఫ్యామిలీ పెన్షను తీసుకుంటున్న అక్కలను, చెల్లెళ్లను మనమే ఇంటికి వెళ్లి వెంట తీసుకురావాలి. మొన్న జాబితా చూశాను. భర్త పోయిన తర్వాత ఒక్క మీటింగుకు కూడా రానివాళ్లు అందులో చాలామంది ఉన్నారు. వాళ్లు తలుపు వేసుకుని ఉంటే తప్పు వాళ్లది కాదు, పిలవని మనది. మూడోది, కథ మధ్యలో ఎవరైనా ఏడిస్తే ఊరుకోబెట్టడానికి తొందరపడవద్దు. కథకుడు కర్ర కింద పెడతాడు. మనం ఆగుదాం.

ఖర్చెందుకు, ఈ వయసులో ఇవన్నీ ఎందుకు అనే మిత్రులు ఉంటారని తెలుసు. ఆ డబ్బు హాలు మీద రెండో అంతస్తుకు దాచుదామనే వాదన కూడా విన్నాను. అంతస్తు వేద్దాం, కాదనను. కానీ పోయినేడు మనలో ఎందరు తగ్గిపోయారో సంతాప తీర్మానాల పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. మిగిలిన సాయంత్రాలు ఎన్నో ఎవరికీ తెలియదు.

మొదటి శనివారం చాయ నేను పెడతాను. ఎట్లా ఉంటుందో మూడో వరుసలో అడిగి తెలుసుకోవచ్చు.